గట్టయ్యను కిందేసిండ్రు

ఓ ముఖేష్, ఆగాగు. యాడికి ఉరుకుతున్నవ్? ఓదెమ్మను దవాఖాన నుంచి తెచ్చిండ్రనా? నేను గూడ సూసిన, బండి ఇప్పుడే గల్లీల మల్లింది. ఇగ అందరు ముక్కులు చీదుకుంట పోతరు. నువ్వు జెర కూసో. కూసో అంటున్న గదా. గా బండిని సూస్తే సాలు, నాకు గట్టయ్య యాదికస్తడు. నీకు ఎర్కలేదు, నువ్వప్పుడు పుట్టలేదు కావచ్చు. పుట్టినవా? సరే, పుట్టినవు తియ్.

గట్టయ్య మన శాంతి నగర్ల మూలమీది కారఖానల బట్ట నేసే సాంచాలు నడిపేటోడు. బక్క మనిషే గని నోరు? అన్ని సాంచాల సప్పుట్ల గూడ వాని తిట్టు ఇనవడేది. ఒకనాడు సాంచ కాడ్నే కూలవడ్డడు. పచ్చవాతం. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయినయ్. కొడుకు కిషన్ కళ్యాణ్ దిక్కు ఓ దవాఖానల ఏసిండు. మంచిగనే సూసిండ్రు, అబద్ధమెందుకు, నేను పోయచ్చిన గదా. కొన్ని దినాలకు మంచం పట్టె పట్టుకొని నిలవడ్డడు. కట్టె పట్టుకొని ఒక్కడే పాయఖానకు పోయచ్చిండు. నా మొకం సూసి నవ్వుకుంట, “అన్నా, దసరకల్ల సాంచ మీదుంట. నా సాంచాలు ఎవ్వనికి ఇయ్యద్దని సేఠ్‌కు చెప్పు” అన్నడు. ఇంటికి పంపేటప్పుడు ఆ నర్సు పిల్ల కిషన్‌కు ఏలు సూపెట్టి చెప్పింది, “బాబాకో రోజ్ ఖడా కర్‌నా, రోజ్ చలానా.” రోజు లేపాలె, రోజు నడిపియ్యాలె. పండవెడితే కాళ్లు బిగుసుకపోతయట. గంతే, ఇంకో మందు లేదు.

మరి తప్పు యాడయిందంటే బండితోనయింది. రోడ్డు గుంతలల్ల బాపు నడుము ఇరుగుతదని కిషన్ దవాఖాన బండి మాట్లాడిండు. పాపం, మంచికే మాట్లాడిండు. గని మన గల్లీలకు ఆ బండి ఎందుకస్తది చెప్పు? బాగైనోడు ఆటో దిగి నడుసుకుంట అస్తడు. ఆ బండిల పండుకొని అచ్చినోడు ఆనాటి దాక ఒక్కడు లేవలే. ఇంటి కాడ పాణం పోవాలెనని తెచ్చుకునుడే. గందుకే తలుపు తీసుడుతోనే వాని పెండ్లాం ఆగమ్మ నెత్తి కొట్టుకుంట, “నన్ను ఆగం జేసి పోతున్నవా” అని ఒకటే ఏడుపు. కిషన్ “అవ్వా, బాపు బాగున్నడే, నడుస్తున్నడే” అంటే ఎవలింటరు? “పిల్లగాడు తట్టుకోలేక గట్లంటున్నడు” అన్నరు. ఖోలీ అర్రల మంచం తీసి బయటేసిండ్రు. సచ్చేటోన్ని మంచం మీద ఉంచద్దాయె, చాప పరిచి కిందేసిండ్రు. గట్టయ్య మీదికి సూసి, “నన్నెందుకు కిందేసిండ్రే?” అన్నడు. మాట జెర ముద్దగచ్చింది గని సాఫ్ ఇనవడ్డది. నేనక్కడ్నే ఉన్న.

ఊరికి ఫోన్లు పోయినయ్. గట్టయ్య అక్క పోచమ్మ ఇంటిల్లిపాదిని ఏసుకొని బస్సు దిగింది. వాడు మాట్లాడితే, “పోయేముందు గిట్లనే తెలివికస్తరు” అనేది. మటన్ అండి నోట్ల పెట్టింది. తిన్నడు, బాగనే తిన్నడు. “అయ్యో, ఆఖరి ఆశ తీర్సుకుంటున్నడు” అని మల్ల ఏడుపు. తిడితే ఎవలి మీదనో పాణం కొట్టుకుంటున్నదని తమ్ముడు నర్సింహులును పిలిపిచ్చిండ్రు. ఇంటి జాగ కాడ కొట్లాడి, గీ పక్క నాగావ్లనే ఉండి గూడ ఏండ్లకేండ్లు మొకం సూపెట్టనోడు. అచ్చి కాళ్లు పట్టుకొని, “తప్పయిందన్నా” అని ఏడ్సిండు. గట్టయ్య ఏమన్నడో ఎర్కేనా? “నన్ను లేపురా ముందు. లేసినంక కొట్లాడుదాం.” నాకు నవ్వచ్చింది. గదే ఆఖరు నవ్వుడు.

కిషన్ ఒక్కసారి చంకల చెయ్యేసి లేపవోయిండు. లేసిండు గూడ, సగం లేసిండు. పోచమ్మ కిషన్ చెయ్యి మీద ఒక్కటి కొట్టి, “పోయేటోన్ని గోస పెడుతవారా?” అన్నది. అందరు గట్లనే సూసిండ్రు, వాడేదో అయ్యను సంపుతున్నట్టు. ఇగ కిషన్ మల్ల ముట్టలే. నేను అడ్డం పోతే, “నీకేంది, బయటోనివి” అన్నరు. బయటోన్నే. కాదంటనా?

మనిషి పోతలేడాయె. అచ్చినోళ్లకు గూడ పనులుంటయ్ గదా, ఒక్కొక్కరే బ్యాగు సదురుకున్నరు. పోచమ్మ పోయేటప్పుడు, “ఏం పెట్టుకున్నడో పాణంల” అన్నది, ఇసుగ్గనే అన్నది. సేఠ్ ఆ సాంచాల మీద వేరేటోన్ని పెట్టుకున్నడు. కిషన్ కాల్హేర్ గోదాంలల్ల లోడింగ్‌కు పోవుడు శురూ జేసిండు. మంచం గూడ ఎవలో తీస్కపోయిండ్రు. చాప మీది మనిషి చాప మీదనే. అప్పుడు లేపుదామంటే కాళ్లు ముడుసుకపోయి ఉన్నయ్. ముడితే అరిసేటోడు. నన్ను సూసి గోడ దిక్కు మల్లేటోడు. నాతోని గూడ మాట్లాడలే మల్ల.

పోయిండు చలికాలంల. పోచమ్మకు ఫోన్ జేస్తే ఏమన్నదంటవ్? “మేం అచ్చి సూసిపోతిమి గదరా.” గదీ ముచ్చట. ఏడ్సుడు ముందుగాలనే అయిపాయె. పాడె లేపుటానికి మనుషులు దొరకక కారఖానల్లకెల్లి బిహారోళ్లను పిలుసుకచ్చినం. పాడె మీద పండవెడితే మోకాళ్లు మీదికే ఉన్నయ్, సాగవు. కట్టాలె గదా మరి. ఇద్దరు మోకాళ్ల మీద చేతులు పెట్టి అదిమిండ్రు. సప్పుడచ్చింది. మూలకు కూసున్న ఆగమ్మ ఉరికచ్చి ఆళ్ల చేతులు పట్టుకున్నది.

“మెల్లగ అయ్యా, మెల్లగ. నొస్తది ఆయనకు” అన్నది.

...

ఏం సూస్తున్నవ్ నా మొకం? గా సున్నం డబ్బి ఇటియ్యి.