భూదవ్వ కట్టిన బిళ్ళల హారం

భూదవ్వ అని ఒకామె ఉండె, మా సాలోళ్ళ వాడలనే. పెనిమిటి పోయిండు, మగ్గం మూలకు పడ్డది, ఇంటింటికి నూలు కండెలు చుట్టిచ్చి బతుకుతుండె. మా వాడల ఒక రివాజు ఉన్నది, మీకు తెల్వదు గద, చెప్త. ఏడాదికొక ఇంటి వంతు. పోచమ్మ బోనాలనాడు ఆ ఇంటోళ్ళు తల్లి మెడల కొత్త సొమ్ము ఒకటి ఎయ్యాలె. ఎయ్యలేకపోయిండ్రా, ఆ వంతు పక్కింటికి పోతది, ఇగ మల్ల రాదు. వాడల ఉన్నవే ఇరవై ఒక్క ఇండ్లు, తిరిగి తిరిగి, ఆ ఏడు వంతు భూదవ్వకు వచ్చిందంట. పక్కిల్లు ఎవరిది? వాడకు నూలిచ్చి నేయించే ఆసామి పెండ్లాం సత్తెవ్వది. ఆమె బాయికాడ అందరి ముంగటనే అన్నదంట, "భూదక్కా, నీకెందుకు ఈ తిప్పలు, వంతు నాకిచ్చెయ్యి, నేను బంగారు గొలుసే ఏస్త" అని. భూదవ్వకు కడుపుల మండింది. మండదా మరి? "మా అత్త ఏసింది, ఆమె అత్త ఏసింది. నా చేతుల మీద నేను పోగొట్టుకోను సత్తెవ్వా" అని బిందె ఎత్తుకొని వచ్చేసింది.

వచ్చింది గని, ఇంట్ల ఏమున్నది? గోడకు ఉత్తరాల తీగ ఉన్నది. పెనిమిటి భీవండి మిల్లుల పని చేసినప్పుడు రాసిన కవర్లన్నీ దానికే గుచ్చి ఉన్నయి. ఒక్కో కవరు మీద ఒక్కో స్టాంపు బిళ్ళ. ఒకదాని మీద నెమలి, ఒకదాని మీద రైలు, ఎర్రయి, పచ్చయి. వాటిని సూసుకుంట కూసుంటే తోచిందంట. కవర్లు నీళ్ళల నానేసింది, బిళ్ళలు మెల్లగ ఊడదీసింది, అట్టముక్కలు గుండ్రంగ కోసి వాటి మీద అంటించింది. అంచుకు మగ్గం కింద ఏరుకున్న జరీ పోగులు చుట్టింది, నడుమ నడుమ పగిలిన గాజుల ముక్కలు కట్టింది. ఎంత సక్కదనం అనుకో! ఇల్లు అలుకంగనే పండుగైతదా? ఏమైందంటే, బిళ్ళలు అంటించింది దేనితోటి? గంజితోటి! నలభై ఏండ్లు పడుగుకు గంజి పెట్టిన చెయ్యి, ఇంకోటి తెల్వదాయె. గంజి ఉన్నకాడ ఎలుక ఉంటదని సాలోళ్ళ పోరగాండ్లకు సుత తెల్సు, ఈమెకు ఆ సంబురంల యాదికి రాలే. పొద్దుగాల లేచి సూస్తే ఏమున్నది, దారం ఉన్నది, జరీ ఉన్నది, నెమలి లేదు, రైలు లేదు. అన్నీ కొరికి పోసినయి. పెనిమిటి గుర్తులు పోయినయి, ఇటు వంతు పోతున్నది. బోనాలకు ఇంక మూడొద్దులే ఉన్నయి. మగ్గం గుంతల కూసొని ఏడ్సిందంట.

ఏడ్సి ఏడ్సి లేసింది. కంచుగిన్నె చేత పట్టుకొని ఇల్లిల్లు తిరిగింది. "నాకు బియ్యమొద్దు, పప్పొద్దు. మీ తీగకున్న కవరు బిళ్ళ ఒక్కటి ఇయ్యుండ్రి, తల్లి మెడల ఏస్త" అన్నది. మొదట నవ్విండ్రు. తర్వాత సూడుండ్రి, ఒక్కొక్కరు తీగ దించుడు మొదలుపెట్టిండ్రు. ఏది ఇయ్యాల్నో తేల్చుకోలేక పొద్దంత కూసున్నోళ్ళు ఉన్నరు. "ఇది మా ఆయన మొదటి ఉత్తరంది వదినే, పైలం" అని ఒకామె. "మా తమ్ముడు మల్ల రాయలే, ఇదే ఆఖరుది" అని ఇంకొకామె. ఈసారి గంజి ముట్టలే. ఎలుక ముట్టకుంట తుమ్మబంకల చేదు యాప పసరు కలిపి అంటించింది. వాడలకు గాజులమ్మ వచ్చే ఆయన ఇచ్చిన లక్క కరిగించి పైన పూసింది. తళతళ మెరిసినయి.

బోనాలనాడు సత్తెవ్వ గొలుసు డబ్బ ఒళ్ళె పెట్టుకొని ముంగట్నే కూసున్నది, వంతు తప్పుతదని. భూదవ్వ హారం ఎత్తి తల్లి మెడల ఏసింది. ఇగ సూడు! "అగో మాది, అగో నెమలి మాది" అని వాడ వాడంత ఎగబడ్డది. సత్తెవ్వ డబ్బ మూత తీసినా సూసెటోడు లేడు. ఆమె లెక్కపెట్టింది. పందొమ్మిది ఇండ్లయి పందొమ్మిది బిళ్ళలున్నయి, నడిమిట్ల ఒక్క అట్టముక్క ఉత్తగ ఉన్నది. "అదేంది భూదక్కా, ఖాళీగ పెట్టినవ్?" అన్నది. "అది నీ జాగ సత్తెవ్వా. అడుగుదామంటే నీ గడపకాడికి కాళ్ళు రాలే" అన్నది భూదవ్వ. సత్తెవ్వ లేసింది. డబ్బ అక్కడనే పెట్టి ఇంటికి ఉరికింది, బిడ్డ రాసిన కవరు పట్టుకొచ్చింది. అందరి ముంగట కూసొని తన చేతులతోటే అంటించింది.

గొలుసు అదే పూట బీరువలకు పోయింది, ఇగ దాని ముఖం సూసినోళ్ళు లేరు. హారం మాత్రం ఇయ్యాల్టికీ తల్లి మెడలనే ఉన్నది. గుడికి తాళం లేదు. దొంగకు అది అక్కెరలేదు, మేము ఎవ్వనికి ఇచ్చేది లేదు. నడిమి బిళ్ళ జర వంకరగ ఉంటది, సత్తెవ్వకు చేతగాక కాదు, కండ్లల్ల నీళ్ళుండె. వంతు అంటరా, అది భూదవ్వ ఇంటిదే, మల్ల ఇరవై ఒక్క ఏండ్లకు వస్తది. ఎడమ దిక్కు రెండో బిళ్ళ, రైలు బొమ్మది, నన్ను కన్న మా అవ్వ ఇచ్చింది. మా నాయిన పంపిన కవరుది. లేవుండ్రి, పోదాం పాండ్రి, నేను చూపిస్త.