మిగిలిన తీగ

రామాంజినేయులు ధర్మవరంలో ఇళ్ళకు కెమెరాలు బిగిస్తాడు. బిగించేది గంటసేపు, దాని గురించి చెప్పేది పూటంతా. ఆ పొద్దున కూడా ఈరన్న టీ అంగడి బెంచీ మీద కూర్చుని ఉండగా, తువ్వాలు చుట్టుకున్న ఒక పెద్దమనిషి మోటారుసైకిలు దిగి వచ్చాడు.

"కెమెరా పెట్టెకి టీవీలు తగిలించేది నువ్వేనా అప్పా?"

"నేనేప్పా. కూర్చో. ఈరన్నా, ఈయప్పకి ఒక టీ! ఎన్ని టీవీలు?"

"ఒకటే. మా అమ్మ మంచం దిగలేదు, వాకిట్లోకి రాలేదు. అందుకని..."

"ఒకటేనా! చూడప్పా, పెట్టెకి ఒక టీవీ ఎవురైనా తగిలిస్తారు. రెండోది తగిలించల్లంటేనే మనిషి కావల్ల. మొన్న పెనుకొండలో ఒక ఇల్లు. వాకిట్లో కెమెరా, దాని బొమ్మలు చేరే పెట్టె హాల్లో, టీవీ హాల్లో. వెనక రూములో ఒక ముసలామె, మోకాళ్ళు పడిపోయినాయి. ఎవురొచ్చిరి, ఎవురు పోయిరి, పడుకునే చూసుకోవల్లని ఆయమ్మ ఆశ. ఒక స్ప్లిట్టర్ పెట్టినా. ఏమీ లేదు, ఒక దావలో వచ్చే బొమ్మని రెండు దావలు చేసే చిన్న డబ్బా. దాన్నించి తీగ లాగినా. హాలు దాటి, వంటిల్లు దాటి, గోడకి తూటు పొడిచి. స్విచ్చేసేసరికి మంచం ముందర వాకిలి! కోడి పోతే కోడి, పాలాయన వస్తే పాలాయన. ఆయమ్మ నా చేతులు పట్టుకొని ఏడ్చింది."

పెద్దమనిషి టీ గ్లాసు పక్కన పెట్టాడు. "పెనుకొండలోనా?"

"పెనుకొండలోనే. అది చిన్న పని, చెప్పుకునేదానికి కూడా సిగ్గు. హిందూపురంలో చింతపండు మండీ ఆయప్ప ఒకడుండాడు. మూడంతస్తుల ఇల్లు, ఏడు టీవీలు. ఒకే పెట్టె! తీగ ఐదు నూర్ల మూరలు పట్టింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్కింటోళ్ళు మాకూ అనిరి, ఎదురింటోళ్ళు మాకూ అనిరి. వీధి వీధంతా ముప్పైరెండు ఇళ్ళకి లాగేసినా. ఆడోళ్ళు సీరియళ్ళు మానేసి ఈయప్ప వాకిలే చూస్తాండారు. ఆయప్ప పెండ్లాం ముగ్గులో ఒక చుక్క తప్పేస్తే చాలు, ముప్పైరెండు ఫోన్లు!"

"కెమెరాలు మార్చి చూసే మౌసు ఎవురి దగ్గరుంటాదప్పా?" అన్నాడు తిప్పన్న. మగ్గానికి సెలవిచ్చి వచ్చినప్పుడల్లా ఈ కథలు వినడం అతనికి అలవాటు.

"ఆయప్ప దగ్గరే. ఆయప్ప మిద్దె పక్క కెమెరా బొమ్మ పెద్దది చేస్తే వీధంతా మిద్దే చూడల్ల. సరే, ఆ వీధిలో ఒకాయమ్మ పుట్టిల్లు లేపాక్షి. మా ఇంటికీ పంపీయి అనింది. లాగినా! రోడ్డెంట లేపాక్షి దాకా. అయితే దూరం ఎక్కువాయె, బొమ్మ నడిచి రావల్ల గదా, హిందూపురంలో పొద్దున వచ్చిన పాలాయన లేపాక్షిలో మధ్యాన్నానికి కనపడతాండె. తీగ వదులైందిలే అని కొంచెం బిగించి లాగినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెగిందా?"

"తెగేదెందుకు? ఎక్కువ బిగిసింది. జరగకముందే కనపడబట్టె! ఒకనాడు టీవీలో దొంగ గోడ దూకినాడు. చూస్తే ఆ దొంగ ఇంకా ఆమడగూరులో బస్సే ఎక్కలేదు. మండీ ఆయప్ప స్టాండుకి పోయి, దిగుతానే పట్టుకునె. నేనింకా ఏమీ చేయలే సామీ అని వాడు, టీవీలో చేసినావు గదరా అని ఈయప్ప!"

"మరి వాన్నేం చేసిరి?"

"ఏం చేస్తారు, దొంగతనం కాలేదు గదా. టీ తాపి తిరుగు బస్సెక్కించిరి. ఇంత చేసినా తీగ ఇంకా మిగిలిందప్పా. రెండు కట్టలు మా అటక మీదనే ఉండాయి. మా అవ్వ తిడతాండాది, యాడన్నా పారెయ్యిరా అని."

బెంచీ మీద అందరూ నవ్వారు. పెద్దమనిషి నవ్వలేదు.

"నాది గుడిబండ. శంకరప్ప అంటారు. పెనుకొండలో నువ్వు చెప్పిన ఇల్లు మా చెల్లెలు హేమావతిది. ఆ ముసలామె మా అమ్మ."

రామాంజినేయులు బెంచీ మీద కొంచెం పక్కకు జరిగాడు.

"లేపాక్షి నమ్మినానప్పా. దొంగకి టీ తాపినారంటే అదీ నమ్మినా. ఆ పెనుకొండ టీవీ ఒకటే నమ్మను. మంచం కాడికి మూరెడు తీగ చాల్లేదని, తెస్తానని పోయినావంట. ఇరవై దినాలాయె, ఫోనెత్తవు. నీలం తెర మీద సిగ్నల్ లేదనే బిళ్ళ ఒకటి అటూ ఇటూ తిరుగుతాంటాది. మా అమ్మకి చదువు రాదు. ఎవురో వాకిట్లో తిరుగుతాండారు, లోపలికి పిలవండి అంటాది. దినమ్మూ అదే మాట."

ఈరన్న పాలగిన్నె వైపు తిరిగాడు. రామాంజినేయులుకు నిజంగానే సిగ్గేసింది. గ్లాసు తిప్పుతూ, "చిన్న పని గదప్పా, రేపు మాపని..." అని నసిగాడు.

శంకరప్ప లేచి మోటారుసైకిలు స్టార్టు చేశాడు.

"వెనక ఎక్కు సామీ. మీ ఇంటి మీదనే పోదాం. ఆ అటక మీద మిగిలిండేదాంట్లో మూరెడు కత్తిరించుకొని రా."