మొదటి సంతకం

ఇరవై ఆరేళ్ళు వికలాంగుల హోమ్‌లో ఉండి, నెల క్రితం అద్దె ఇంట్లోకి మారిన చెల్లెలు. అదే వీధి చివర సొంత ఇల్లున్న అన్న.

"తలుపెందుకు వేశావు చిన్నీ? తీసే ఉంచు, గాలొస్తుంది."

"గాలి కిటికీలోంచి వస్తుందిలే. ఈ గడియ చూశావా అన్నయ్యా? లోపల్నించి వేసుకోవచ్చు. హోమ్‌లో అన్నిటికీ బయటే ఉండేవి."

"చూశాను."

"మళ్ళీ వేసి చూపించనా?"

"వద్దు. వచ్చి కూర్చో, ఒక మాట చెప్పాలి."

"తలుపు మీద పేరు చూశావా? నేనే రాశా. కుర్చీ అక్క నేర్పింది. చదవడం ఇంకా రాలేదు, రాయడం ఒక్క నా పేరే వచ్చింది."

"కుర్చీ అక్క ఎవరు?"

"పక్క గది. చక్రాల కుర్చీలో కూర్చుని ఆర్డర్లేస్తుంది, మేం చేస్తాం. ఇంకో గదిలో పాటలమ్మ. కళ్ళు కనబడవు, పొద్దస్తమానం పాటలే. ఉండు, టీ పెడతా. మొదట్లో నేను రెండు గిన్నెలు మాడ్చాను. పాటలమ్మ మూడు."

"టీ వద్దు. వెళ్ళాలి."

"ఇప్పుడేగా వచ్చావు. వీధి చివర్నించి రావడానికి నెల పట్టింది నీకు. అన్నయ్యకి దగ్గర్లో ఉండాలనేగా మమ్మల్ని చూసుకునే మేడమ్ ఈ వీధిలో ఇల్లు వెతికింది."

"పనులు చిన్నీ."

"తెలుసు. రోజూ కిటికీలోంచి నీ స్కూటరు చూస్తా. మా ఇంటి ముందుకి రాగానే స్పీడు పెంచుతావు. పడతావు, జాగ్రత్త."

"వీధిలో ఎవరికైనా చెప్పావా? నేను నీ అన్ననని?"

"లేదు. నువ్వే చెప్తావని ఆగా. చెప్పావా?"

"చెప్తాను. వీలు చూసుకుని."

"వదిన రాలేదేం?"

"ఒంట్లో బాగోలేదు."

"పోయినేడాదీ అదే అన్నావు. ఇంకా తగ్గలేదా?"

"తగ్గుతుందిలే. ఇలా చూడు. ఇక్కడ నీకు కష్టంగా లేదూ? హోమ్‌లో అయితే వేళకి తిండి, మందులు, డాక్టరు..."

"అన్నీ ఉన్నాయి. గడియ లేదు."

"గడియ సంగతి వదిలెయ్."

"టైలరు షాపులో గుండీలు కుడుతున్నా, తెలుసా? ఈ చెయ్యి సరిగ్గా రాదుగా, బట్టని మోకాళ్ళ మధ్య నొక్కి పట్టుకుంటా. నీ చొక్కాకి రెండోది ఊడేలా ఉంది. విప్పు, కుట్టేస్తా."

"ఇప్పుడొద్దు. విను. వీధిలోవాళ్ళు ఈ ఇల్లు ఖాళీ చేయించాలంటున్నారు. మిమ్మల్ని మళ్ళీ హోమ్‌కి పంపెయ్యమని హోమ్ ఆఫీసుకి కాగితం రాశారు."

"ఎందుకు?"

"భయం వాళ్ళకి. పిల్లలు తిరిగే వీధి అని."

"నిన్న బంతి మా పెరట్లో పడితే తీసిచ్చింది నేనేగా."

"నాకు తెలుసు. వాళ్ళకి తెలీదు."

"నువ్వు చెప్పలేదా?"

"చెప్పాను. అంటే, చెప్దామనుకున్నాను. రేపు ఆఫీసరుగారొచ్చి నిన్నే అడుగుతారు. ఇక్కడ ఉండలేను, నేనే వెళ్ళిపోతానని నువ్వే అనేస్తే గొడవుండదు. మర్యాదగా ఉంటుంది."

"ఎవరికి?"

"అందరికీ. వీధిలో తలెత్తుకోలేకపోతున్నాను చిన్నీ. తల కొట్టేసినట్టుంటోంది."

"నా వల్లా?"

"నీ వల్ల కాదు. నా వల్లే."

"సంతకాలు ఎవరెవరు పెట్టారు?"

"అందరూ."

"నువ్వూనా?"

"నేనా? నేనెందుకు పెడతాను. ఆ రోజు నేను ఊళ్ళోనే లేను."

"నీలం అట్టకి క్లిప్పు పెట్టి తిప్పారు, ఆ కాగితమేనా?"

"నీకెలా తెలుసు?"

"వీధి వాచ్‌మన్ తెచ్చాడు. కొత్తవాడు పాపం, ఇంటింటికీ వెళ్ళమంటే మా తలుపూ తట్టాడు. మేడమ్ లేదు. కుర్చీ అక్క స్నానంలో ఉంది. నేనే తీసుకున్నా."

"తీసుకుని?"

"నాకు గుర్తుపట్టడం వచ్చింది ఒక్క సంతకమే అన్నయ్యా. ఏటా హోమ్‌కి వచ్చి, నన్ను ఇంకో ఏడాది ఉంచుకోమని పెట్టేవాడివే, అది. చివర గాలిపటం తోకలా లాగుతావు. నువ్వెళ్ళాక దాన్ని గచ్చు మీద సుద్దతో గీసుకునేదాన్ని. వాచ్‌మన్ కాగితంలో అన్నిటికన్నా పైన అదే ఉంది."

"చిన్నీ, అది..."

"ఇన్నేళ్ళలో నన్నెవరూ సంతకం అడగలేదు. నువ్వు పెట్టావంటే నా మంచికే అయ్యుంటుందని, నేనూ పెట్టేశానన్నయ్యా."