పింగాణీ పన్ను

పళ్ళ డాక్టరమ్మ కుర్చీలో నోరు తెరిచి పడుకున్న ఆవిడకు పంటి మీది పింగాణీ తొడుగు విరగడం ఇది మూడోసారి. నోటినిండా దూది కుక్కి ఉండడంతో జవాబులన్నీ పక్కన నిలబడ్డ మొగుడే చెబుతున్నాడు.

“...సరుకు నాసిరకం డాక్టరుగారూ, అంతే. ఇదిగో, విరిగిన ముక్క తెచ్చాను.”

“ఈ చేతిరుమాల్లో ముక్కు చీదారా?”

“జలుబు. తుడిస్తే పోతుంది.”

“ఛీ. అక్కడ పెట్టండి, పట్టకారుతో తీస్తాను. అమ్మా, గట్టివేమైనా కొరికారా?”

“కొరక్కేం, సీసా మూతలు కూడా పళ్ళతోనే...”

“నేను ఆవిణ్ణి అడిగాను.”

“ఊఁహూఁ.”

“దానికేం తెలుసండీ. మీరు అతికించడంలోనే ఏదో...”

“అతుకు సరిగా లేకపోతే తొడుగు మొత్తం ఊడి చేతికొస్తుంది. ఎత్తు తగ్గించడానికి అరగదీసి నునుపు చెయ్యకుండా వదిలేసినా బీటలు పడతాయి. నేను నునుపు చేశాను. ఇది పళ్ళు నూరిన దెబ్బకి పైనుంచి పగిలింది. ఎదురు పన్ను చూడండి, ఎలా అరిగిపోయిందో... ముందు మీరు ఆ గుండుసూదితో పళ్ళు కుట్టుకోవడం ఆపుతారా?”

“ఏదో ఇరుక్కుంది.”

“దాన్ని వాసన చూడకండి బాబూ, ఆ చెత్తబుట్టలో పడెయ్యండి. ఈవిడ రాత్రిళ్ళు పళ్ళు నూరుతారా?”

“పళ్ళు నూరడమా? ఎవరి మీద?”

“ఎవరి మీదా కాదు, నిద్రలో. పక్కనున్నవాళ్ళకి కరకరమని వినపడుతుంది.”

“ఛఛ, ఇది పడుకుంటే మొద్దు. కఫం ఉమ్మడానికి గంటగంటకీ లేచేది నేను. చప్పుడుంటే నాకు వినపడదూ?”

“మొదటిది ఎప్పుడు విరిగింది?”

“నేను రిటైరైన నెల్లో.”

“రెండోది?”

“నా మంచం వంటింటి గుమ్మానికి ఎదురుగా వేయించుకున్నాక. దాని పని కనిపెట్టి చూడాలి కదా.”

“...ఊఁ.”

“ఊఁ అంటే?”

“ఏం లేదు. అమ్మా, ఈసారి లోపలి అసలు పన్ను కూడా బీటిచ్చింది. కొత్త తొడుగు వేస్తాను గానీ, అదీ విరిగిందంటే ఇక పన్ను పీకెయ్యడమే. దాని మీదికి పళ్ళకి తగిలించుకునే ప్లాస్టిక్ గార్డొకటి చేసిస్తాను. రాత్రి పెట్టుకుని పడుకోండి, నూరుడు దెబ్బ దాని మీద పడుతుంది.”

“రాత్రి నూరదని చెబుతుంటే మళ్ళీ...”

“మీరు కాసేపు నోరు మూసుకోండి. దూది తీశానమ్మా, ఏమైనా అడగాలంటే అడగండి.”

“నేను నిద్రలో నూరనండీ. ఆ గార్డేదో పగటిపూటకి చేసివ్వండి, ఈయన ఇంట్లోనే ఉంటారు.”