మిరపకాయ టిక్కీల వెనక నాంచారమ్మ

నాంచారమ్మని ఒకామె ఉందిలే మా వైపు, నమ్మకం అనేది ఆమె ఒంట్లోనే లేదు. పాలు పోయించుకుంటే వేలు ముంచి చూసుద్ది. కూరగాయలామె తక్కెడ పైకెత్తితే పళ్లెం అడుగున తడిమి చూసుద్ది, చింతపండు ముద్దేమన్నా అంటించిందేమోనని. గుళ్లో పంతులుగారు తీర్థం పోస్తే పక్కనామె తాగిందాకా ఆగుద్దంట, ఇక చూసుకో. అట్టాంటి మనిషి ఇంటికి కోడలొచ్చిందనుకో, ఆ కోడలి గతేంటో మీరే చెప్పండి. కోడలి పేరు సౌజన్య. బాగా చదువుకున్న పిల్ల, పెళ్లికి ముందు హైదరాబాదులో ఏదో చిన్న కంపెనీలో కంప్యూటరు ఉద్యోగం చేసింది, ఆ కంపెనీ కాస్తా మూతపడింది. మొగుడు అంకమ్మరావు బోరు బండి మీద పని. కర్ణాటక వైపు పోయాడంటే రెండు నెల్లకు గాని రాడు. ఇంట్లో మిగిలిందెవరు? అత్తా కోడలూ, ఇద్దరే. అబ్బాయ్, ఆ సెల్లు కొంచెం దగ్గరికి పెట్టుకో, నా గొంతు పడద్దా.

ఏమైందంటే, సౌజన్య ఒక పెద్ద కంపెనీలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. చిన్నా చితకా కంపెనీ కాదు, లక్షమంది పనిచేసేది. దానికి ఇంటర్వ్యూ అంటే నాలుగు నెల్లు చదువుకోవాలంట. మొగుడికి తప్ప ఎవరికీ చెప్పలా. ఎందుకు చెప్పలేదంటే, అంతకుముందు ఒకసారి ఇట్టాగే పెట్టి తప్పింది, అప్పుడు కుళాయి కాడ ఆడోళ్లంతా ‘ఏమ్మాయ్, వచ్చిందా ఉద్యోగం, ఇంకా రాలేదా ఉద్యోగం’ అని అడిగి అడిగి చంపారు. ఈసారి వచ్చినాకే చెబుదాం, ముందే చెబితే దిష్టి తగులుద్ది అనుకుంది. తప్పా? తప్పు కాదు. కానీ నాంచారమ్మ ఇంట్లో దాపరికం అంటే గడ్డివాము పక్కన నిప్పు పెట్టుకున్నట్టే గదా.

వాళ్లింట్లో వెనక గది ఒకటుంది. రేటు రాలేదని అమ్మకుండా ఉంచిన మిరపకాయ బస్తాలు, టిక్కీలంటాం మేము, అవి ఆ గదిలో ఒకదాని మీద ఒకటి ఇంటి కప్పు దాకా పేర్చి ఉన్నాయి. సెల్లు సిగ్నలు మాత్రం ఆ గదిలోనే వచ్చుద్ది. సౌజన్య వంట కాగానే అందులోకి పోయి తలుపేసుకునేది. మొదటిరోజు నాంచారమ్మ తలుపుకి చెవి పెట్టింది. లోపల మాటలు. ‘ముందు చిన్నదాంతో మొదలుపెడదాం, ఇది అసలు లేకపోతే ఏమవుద్ది, రెండుసార్లు వస్తే ఏమవుద్ది’ అంటంది. ఎవరితో అంటంది? కిటికీలోంచి చూస్తే ఎవరూ లేరు! పిల్ల గోడకెదురు నిలబడి చేతులు తిప్పుకుంటా గోడకి చెబుతంది. సంగతేంటంటే, ఆ కంపెనీవోళ్లకి జవాబొక్కటే చాలదంట. లెక్క చేసేటప్పుడు బుర్రలో ఏం తిరుగుతందో అది తిరుగుతుండగానే పైకి చెప్పాలంట. మన మేష్టర్లు నోరు మూసుకుని చెయ్యమంటారా, అక్కడ నోరు మూస్తే ఉద్యోగం లేదు. అందుకని పిల్ల గోడని పెద్దమనిషిని చేసి కూర్చోబెట్టింది. నాంచారమ్మకి అదేం తెలుసు? గాలి సోకిందనుకుంది.

రెండోది ఏమైందంటే, గదిలో నేల మీద సుద్దముక్కతో సున్నాలు. ఒక సున్నా, దాని కింద రెండు, వాటి కింద నాలుగు, మధ్యలో గీతలు, సున్నాల్లో అంకెలు. ముగ్గు కాదు, చుక్కల్లేవు. కంప్యూటరు లెక్కలకి గీసుకునే బొమ్మలంట అవి, ఈమెకేం తెలుసు. నాంచారమ్మ తడిగుడ్డతో తుడిచింది. పొద్దున్నే మళ్లీ ఉన్నాయి. మళ్లీ తుడిచింది, మళ్లీ ఉన్నాయి. పక్కింటి వీరరాఘవమ్మని అడిగితే ఆమె ఊరుకుంటదా, ‘అది యంత్రమే వదినా, నీ కొడుకుని కట్టేసుకోడానికి’ అంది. ఆ రోజు నుంచి నాంచారమ్మ కోడలు పెట్టిన ముద్ద ముందు పిల్లికి పెట్టి, పిల్లి బతికితే తినేది. మూడోది అన్నిటికన్నా పెద్దది. తలుపు వెనక మగ గొంతు! పాత కంపెనీలో సౌజన్యతో పాటు పనిచేసినతను, ఉత్తుత్తి ఇంటర్వ్యూ చేస్తన్నాడు ఫోనులో, నేర్పడానికి. అతను నవ్వాడు, ఈ పిల్లా నవ్వింది. నాంచారమ్మ కాళ్ల కింద నేల కదిలిపోయింది. కొడుక్కి ఫోను చేసి ‘ఒరే, నీ పెళ్లాం గదిలో మగ గొంతుందిరా’ అంటే, వాడికి సంగతి తెలుసు గదా, పకపకా నవ్వాడు. నవ్వేసరికి వాడి మీద కూడా అనుమానమొచ్చింది. వీడికి మందు పెట్టింది, అందుకే నవ్వుతున్నాడు అనుకుంది. ఇక నా కళ్లతో నేనే పట్టుకోవాలి, పట్టుకుని దీన్ని పుట్టింటికి పంపాలి, లేకపోతే నా కొడుకు కాపురం గంగలో కలిసినట్టే అని తీర్మానించుకుంది.

బుధవారం వచ్చింది. కోడలు తలంటుకుంది, కొత్త డ్రెస్సేసుకుంది, బొట్టు దిద్దుకుంది. ‘యాడికే’ అంది అత్త. ‘యాడికీ లేదత్తయ్యా, పదకొండు నుంచి పన్నెండు దాకా గదిలోకి మాత్రం రాబాకండి’ అంది. అయిపోయింది! నాంచారమ్మ గంప నెత్తిన పెట్టుకుని ‘చేలోకి పోతన్నా’ అని వీధిలోకి పోయి, దొడ్డిదారిన తిరిగొచ్చి, కోడలు వంటింట్లో ఉండగా గదిలో దూరి టిక్కీల వెనక నక్కింది. పదకొండయింది. కంప్యూటరులో ఇద్దరు కనపడ్డారు. ఒక ఆడమనిషి, అడిగేదంతా ఆమే. పక్కన బట్టతలాయన, మాటా పలుకూ లేదు, రాసుకోవడమే. మొదట ఆమె ఏమందంటే, గదంతా తిప్పి చూపించు, ఇంకో మనిషి ఉన్నారంటే జవాబులు అందిస్తన్నట్టే లెక్క, పరీక్ష రద్దు అంది. చూశారా, మా నాంచారమ్మకి అమ్మమ్మలున్నారు ఆ కంపెనీలో! సౌజన్య తిప్పి చూపించింది. టిక్కీలే కనపడ్డాయి. మొదలైంది. పిల్ల గోడకి చెప్పినట్టే చెబుతంది, గడగడా చెబుతంది. నాంచారమ్మ సందులోంచి చూస్తంది. ఇంగ్లీషు తెలవకపోయినా, ఆ చేతులు తిప్పడం తెలుసు, కాయితం మీద గీసి చూపించిన ఆ సున్నాలు తెలుసు. మగాడి పక్కన ఆడమనిషెందుకుంది? ఆమె అడుగుతుంటే ఆయనెందుకు రాసుకుంటన్నాడు? ఇదేదో పరీక్షలాగుందే అని అప్పుడు తట్టింది. తట్టేసరికి ఒళ్లంతా చెమటలు. పోదామంటే తలుపు అటు పక్కనుంది.

మిరపకాయ ఘాటు సంగతి మీకు తెలవంది కాదు. అరగంట బిగబట్టింది, కొంగు నోట్లో కుక్కుకుంది, ఆగలా. హాచ్ అని ఒక్క తుమ్ము! ‘ఎవరది’ అంది కంప్యూటరులో ఆమె. ‘ఎవరూ లేరండీ’ అంది పిల్ల, పాపం తెలవక. అనడంతోనే రెండో తుమ్ము. నాంచారమ్మ లేచి నిలబడింది, జుట్టు నిండా కారప్పొడి. సౌజన్య గిర్రున వెనక్కి తిరిగింది. ‘అత్తయ్యా, ఇక్కడెందుకున్నారు? నిజం చెప్పండి, నా నాలుగు నెల్లూ పోతాయి’ అంది. ఇప్పుడు చూడండి, జన్మంతా ఎవర్నీ నమ్మని మనిషి, తన మాట ఒకళ్లు నమ్మితే చాలని నిలబడింది. ‘నీ మీద అనుమానంతోనే అమ్మాయ్. మగ గొంతు విన్నా. ఎవడితోనో లేచిపోతావనుకున్నా. పట్టుకుందామని దాక్కున్నా. నీ చదువులో నాకొక ముక్క తెలవదే, నేనేం జవాబులు చెబుతానే’ అని ఏడ్చింది. సౌజన్యకి ఆ మాట గుండెలో పొడిచినట్టయ్యింది గదా మరి. తర్వాత కళ్లు తుడుచుకుని కంప్యూటరు వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పింది.

ఆ ఆడమనిషి మొహం చిట్లించింది. అప్పుడు, ఇంతసేపూ నోరు మెదపని బట్టతలాయన నోరు తెరిచాడు. తెలుగు! మన తెలుగే! ‘పెద్దమ్మా, నువ్వు చెప్పిందొకటి, ఈ అమ్మాయి మాకు చెప్పిందొకటి’ అన్నాడు. ‘ఏం చెప్పింది బాబూ’ అంది నాంచారమ్మ. ‘మిరపకాయలు చూడ్డానికొచ్చి కళ్లు తిరిగి కూలబడ్డావంట. మా దగ్గర అబద్ధం చెబితే ఇక్కడితో సరి’ అన్నాడు. సౌజన్య తల వంచుకుంది. నాంచారమ్మ కోడలి వైపు చూసింది. నేను దీని పరువు తియ్యడానికొచ్చి దాక్కుంటే, ఇది నా పరువు దాచడానికి ఉద్యోగం వదులుకుంటందా అనుకుంది. కంప్యూటరు ముందుకు పోయి నిలబడి, ‘బాబూ, నేను చెప్పింది చెప్పినట్టు ఆ మేడంకి చెప్పు. అనుమానం అన్నానే, అది కూడా చెప్పు. ఒక్క ముక్క తగ్గించబాక. పోయేది నా పరువే గదా, పోనీ’ అంది. ఆయన చెప్పాడు. ఆ మేడం అంతా వింది. విని, ఇయ్యాల్టిది చెల్లదు, వచ్చేవారం కొత్త ప్రశ్నతో మళ్లీ చేద్దాం అందంట. ఆమె కూడా ఒకింటి కోడలే గదా.

ఆ రోజు సౌజన్య అన్నం ముట్టలా. సందేళ అత్త పళ్లెంలో అన్నం పెట్టుకొచ్చి ఎదురుగా కూర్చుంటే, ‘ఒక్క మాట నన్నడగొచ్చు గదా అత్తయ్యా’ అంది. నువ్వు చెప్పొచ్చు గదా అని నాంచారమ్మ నాలిక చివరిదాకా వచ్చింది, మింగేసింది. ‘అడగలా, తప్పే’ అంది. అంతే అంది. జన్మలో మొదటిసారి.

ఉద్యోగం వచ్చిందా అని గదా చూస్తన్నారు? వచ్చింది, ఇంట్లోంచే చేసుకుంటంది. నాంచారమ్మకి అనుమానం పోయిందా అంటే, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు. ఇప్పటికీ కోడలు గదిలో నవ్విందంటే చాలు, తలుపు కొట్టి ‘ఎవరే, ఎందుకే నవ్వావు’ అని అడుగుద్ది. చెబితే నమ్ముద్దా? సగం కూడా నమ్మదు. కానీ అడుగుద్ది అబ్బాయ్. మా అత్త ముప్ఫయ్యేళ్లు అనుమానంతో నా ఎనక తిరిగింది, ఒక్కసారి అడగలా. అడిగితే చెప్పేదాన్ని.