ఒక ఫోన్ చెయ్యాలి వదినా

అందరికీ నమస్కారం.

పనులు మానుకుని వచ్చారు. కుర్చీలు చాలక వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్లు కూడా నాకు కనిపిస్తున్నారు. మీలో సగం మంది దర్జీలు. ఈ వేళప్పుడు మిషన్ ఆపి రావడమంటే ఏమిటో నాకు తెలుసు. మా తమ్ముడి తరఫున మీకు ఏం చెప్పాలో తోచడం లేదు. వచ్చారు. అదే పదివేలు.

పోయినావిడ నా తమ్ముడి భార్య. నాకు మరదలు. నాకంటే తొమ్మిదేళ్లు చిన్నది. చిన్నదాని సంతాప సభలో పెద్దది మాట్లాడడం ఎక్కడి న్యాయం? తమ్ముడు తన వల్ల కాదన్నాడు. నా వల్ల అవుతుందని నేను లేవలేదు. నేను చెప్పాల్సింది ఒకటుంది. అది చెప్పకుండా ఆ ఫోటో వంక చూడలేకపోతున్నాను.

మీకు ఆవిడ కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి. చక్రం ఒక్కసారి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, జబ్బెక్కడుందో చెప్పేది. మా ఇంట్లో మాత్రం ఆవిడ పేరు వేరు. సగంపనమ్మ. ఆ పేరు పెట్టింది ఎవరనుకున్నారు? నేనే. కాపురానికొచ్చిన ఆరో నెలలో పెట్టాను. సగం బట్టలు ఆరేసి బకెట్ అక్కడే వదిలేసేది. సగం గది ఊడ్చి, మిగతా సగంలో కూర్చుని పాత గడియారం విప్పేది. పాలు పొయ్యిమీద పెట్టిన సంగతి వీధి చివర గుర్తొచ్చేది.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు కదా. నేను అర్ధంతో సరిపెట్టుకోలేదు. పరీక్షల ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను నేను. ఆఖరి తేదీ దాటి ఒక్కరోజు ఆలస్యంగా వచ్చిన దరఖాస్తుని తిప్పి పంపడమే నా ఉద్యోగం. అలాంటి నాకు ఇలాంటి మరదలు. ఇరవై ఏళ్లు తిట్టాను. బద్ధకమన్నాను. పొగరన్నాను. పెంపకమన్నాను. ఆ చివరి మాటకి మాత్రం కళ్లనీళ్లు పెట్టుకునేది. మిగతావాటికి నవ్వేది. నవ్వినప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఆవిడకి నలభై నాలుగేళ్లప్పుడు నాకు నిద్ర పట్టక మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్లాను. తోడుగా ఆవిడ వచ్చింది. బయటి గదిలో గంటన్నర కూర్చోవాలి. కూర్చునే మనిషేనా? తలుపు కిర్రుమంటోందని సంచీలోంచి మిషన్ నూనె డబ్బా తీసి మడతబందుల్లో పోసింది. గోడగడియారం ఐదు నిమిషాలు వెనకుందని కుర్చీ ఎక్కి సరిచేసింది. డాక్టరమ్మ నన్ను పిలిచేవేళకి మూల కుళాయి విప్పి చేతిలో పట్టుకుని నిలబడింది, నేలంతా నీళ్లు. డాక్టరమ్మ నాకు ఐదు నిమిషాల్లో మాత్రలు రాసిచ్చి, ఆవిడ చిన్నప్పటినుంచీ ఇంతేనా అని అడిగారు. నేను ఎదురుచూస్తున్న ప్రశ్న అది! ఉన్నవన్నీ ఏకరువు పెట్టాను. చాడీలే చెప్పాను, ఒప్పుకుంటున్నాను. ఆ చాడీలతోనే ఆవిడ వైద్యం మొదలైంది.

మూడుసార్లు రమ్మన్నారు. బడిలో ఇచ్చిన రిపోర్టులు తెమ్మన్నారు. ఆఖరికి పేరు చెప్పారు, ఏడీహెచ్‌డీ అని. చిన్నపిల్లలకే కాదు, పెద్దవాళ్లకీ ఉంటుందట. బుద్ధి తక్కువై కాదు, బద్ధకమూ కాదు. శ్రద్ధ ఉంటుంది, దాన్ని కావలసిన చోట నిలబెట్టే పగ్గమే చేతికి చిక్కదన్నారు. అందుకే మిషన్ ముందు ఆరుగంటలు కదలకుండా కూర్చున్న మనిషి, ఒక్క ఫోన్ చెయ్యలేక ఆరువారాలు తిరుగుతుంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆవిడ ఒక్క మాటే అంది. "ఈ సంగతి మా అమ్మ ఉన్నప్పుడు ఎవరైనా చెప్పుంటే బాగుండేది వదినా." వాళ్లమ్మ పోయి అప్పటికి ఆరేళ్లు.

అక్కడినుంచి ఆవిడ బాగా బతికింది. ఈ మాట గట్టిగా చెప్పాలి. తొమ్మిదేళ్లు బాగా బతికింది. మందులు వేసుకుంది, అవి పనిచేశాయి. కానీ మందులు మేకులు కొట్టవు కదా. ఒక ఆదివారం స్క్రూడ్రైవర్ పట్టుకుని వంటింటి అలమారాలన్నిటికీ తలుపులు ఊడదీసింది. మా తమ్ముడు డ్యూటీ దిగి వచ్చేసరికి తలుపులన్నీ గోడకి చేరేసి ఉన్నాయి. ఇల్లు మారుతున్నామా అని అడిగాడు పాపం. "కనబడకపోతే నాకు ఆ వస్తువు లేనట్టే" అంది. షాపులో డ్రాయర్లు తీసేసి గోడనిండా మేకులు కొట్టింది. ఒక్కో మేకుకి ఒక్కో చీటీ. బంతిలాంటి టైమరొకటి తాడుకి కట్టి మెళ్లో వేసుకుంది. అది మోగితే ఏం చేస్తున్నా ఆపి, తల పైకెత్తి, తనెక్కడుందో చూసుకునేది.

షాపు బయట ఆవిడ పెట్టిన బోర్డు మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. "మిషన్ తప్పకుండా బాగవుతుంది. ఎప్పుడని అడిగితే చెప్పలేను. తిట్టాలంటే ఫోన్లో తిట్టకండి. లోపలికొచ్చి, కూర్చుని తిట్టండి." నవ్వండి, ఫరవాలేదు. ఆవిడ ఉంటే ఆవిడే ముందు నవ్వేది.

ఆ బోర్డు చూసి నిజంగానే లోపలికొచ్చి కూర్చున్న దర్జీ అమ్మ మూడో వరుసలో ఉన్నారు. నాలుగు వారాలుగా మిషన్ ఇవ్వలేదని కోపం. ఇచ్చేదాకా కదలనని స్టూలు మీద బైఠాయించారు. చేతిలో పని కూడా తెచ్చుకున్నారు, ఏవో చొక్కాలకి గుండీలు. మాట లేదు, పలుకు లేదు. ఒకరు గుండీలు కుట్టారు, ఒకరు మిషన్ విప్పారు. నాలుగు వారాల పని గంటంపావులో అయిపోయింది. ఆ సాయంత్రం మా మరదలు పరుగెత్తుకుంటూ మా ఇంటికొచ్చింది. నిధి దొరికినట్టుంది మొహం. "పక్కన ఒక మనిషి ఊరికే కూర్చుంటే నాకు పని అవుతోంది వదినా!" డాక్టరమ్మని అడిగితే, చాలామందికి అలాగే ఉంటుందన్నారు.

అప్పటినుంచి ఆ స్టూలు నాది. ఆవిడ తన ఎడమచేతి పక్కన కూర్చోమనేది, నేను కూర్చునేదాన్ని. మిషన్ మీద ఒకసారి చెయ్యి పడితే నా అవసరం లేదు. ఫోన్లకీ, దరఖాస్తులకీ, ఉతికిన బట్టలు మడతపెట్టడానికీ. మా మధ్య ఒప్పందం ఒకటే. నేను సలహా ఇవ్వకూడదు. ఎవరికి, ఎందుకు, ఇంకా చెయ్యలేదా, ఈ మూడూ అడగకూడదు. అడిగితే మళ్లీ పాత ఆడబిడ్డనైపోతాను కదా. నాలాంటి నోటికి అది ఎంత కష్టమో ఆలోచించండి. అయినా నేర్చుకున్నాను. పేపరు చదువుకుంటూ కూర్చునేదాన్ని. ఆవిడ ఫోన్ పెట్టేసి "అయిపోయింది వదినా" అనేది. పరీక్ష పాసైనంత సంబరంగా అనేది. ఇరవై ఏళ్లు తిట్టి నేను చేయించలేని పనులన్నీ, నోరు మూసుకుని కూర్చుంటే అయిపోయాయి.

ఇప్పుడు నేను చెప్పాల్సింది చెబుతాను.

ఆవిడ పోవడానికి పన్నెండు రోజుల ముందు, మంగళవారం, మా ఇంటికొచ్చింది. మా ఇంట్లో గోడలకి రంగులు వేస్తున్నారు. సామానంతా గది మధ్యలో కుప్పగా ఉంది. గుమ్మంలోనే నిలబడి అడిగింది. "ఒక ఫోన్ చెయ్యాలి వదినా, కాస్త వచ్చి కూర్చుంటారా?" నేనేమన్నానో తెలుసా? "తొమ్మిదేళ్లయింది, చక్కగా ఉన్నావు. ఇంకా ఒక ఫోన్‌కి కూడా నేనెందుకే?" అన్నాను. కోపంగా అనలేదు. మెచ్చుకుంటున్నాననుకునే అన్నాను. ఆవిడ నవ్వింది. "అవును లెండి" అని వెళ్లిపోయింది.

ఏం ఫోనని నేను అడగలేదు. అడగకూడదన్నది ఒప్పందం. చూడండి, ఒప్పందంలో ఆ సగం మాత్రం నిలబెట్టుకున్నాను.

గుండె ఆగి ఆవిడ పోయాకే ఇదంతా మాకు తెలిసింది. నెలరోజులుగా మెట్లెక్కితే ఆవిడకి ఆయాసం వస్తోందట. వీపులో, దవడలో నొప్పట. వీధి డాక్టరు పెద్దాసుపత్రికి ఫోన్ చేసి గుండె పరీక్షకి రోజు తీసుకోమని చీటీ రాసిచ్చాడట. కంగారుపడతాడని తమ్ముడికి చెప్పలేదు. ఆ చీటీ షాపులో ఉంది. దాచలేదు, పారెయ్యలేదు. బల్లకెదురుగా, కళ్లకి తగిలేలా, మేకుకి వేలాడుతోంది. తను నేర్చుకున్నట్టే అన్నీ చేసింది. తమ్ముడు ఆవిడ ఫోన్ తెచ్చి నాకు చూపించాడు. ఆ పన్నెండు రోజుల్లో ఆ నంబరుకి నాలుగుసార్లు చేసింది. నాలుగుసార్లూ అవతల ఎత్తకముందే పెట్టేసింది.

ఎడమచేతి పక్కన స్టూలు ఖాళీగా ఉండి ఉంటుంది.

పరీక్ష చేయించుకునుంటే బతికేదా అని ఆసుపత్రిలో డాక్టరుని అడిగాను. చెప్పలేమమ్మా అన్నారు. ఆ 'చెప్పలేం' పట్టుకుని నేను ఎక్కడికి వెళ్లను? ఆలస్యమైన దరఖాస్తులు వేలకి వేలు తిప్పి పంపాను. ఇప్పుడు నాదొకటి నా చేతిలోనే మిగిలింది, ఇచ్చే కిటికీ లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నావని మీరనుకోవచ్చు. అనుకోండి. అంతకంటే ఎక్కువే నేను అనుకుంటున్నాను.

ఒక్కటి మాత్రం మీతో అంటాను. మనిషి బాగుందంటే, ఆ బాగుండడం వెనక ఏదో ఆసరా ఉందన్నమాట. గోడ నిలబడింది కదా అని గుంజ తీసేసిన మేస్త్రీని ఎవరైనా చూశారా? నేను ఆ పని చేశాను. మీ ఇళ్లలో చెయ్యకండి. ఇంతకంటే నాకేం తెలియదు.

ఈ మాట సభలో చెప్పొచ్చో లేదో. షాపులో పదకొండు మిషన్లు సగంలో ఉన్నాయి. మొహమాటపడి ఎవరూ అడగడం లేదు. వచ్చి తీసుకెళ్లండి. రోజూ పది నుంచి ఒంటిగంట దాకా షాపు తీసి నేనక్కడ కూర్చుంటున్నాను. నాకు మిషన్ పని రాదు. కూర్చుంటున్నాను, అంతే.

ఇక అందరం లేచి రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. మామూలుగా ఇలాంటప్పుడు ఫోన్లు కట్టెయ్యమంటారు. నేను అనను. చాలాకాలంగా చెయ్యలేకపోతున్న ఫోనేదైనా మీలో ఎవరికైనా ఉంటే, ఇప్పుడు చెయ్యండి. సిగ్గుపడకండి. ఎవరికని అడగం. ఎందుకని అడగం. ఇంకా చెయ్యలేదా అని అసలే అడగం. మేమందరం పక్కనే నిలబడి ఉంటాం.

ఆవిడ మన దగ్గర మాటలు ఎన్నడూ అడగలేదు. పక్కన, మాట్లాడకుండా కూర్చునే ఒక్క మనిషిని అడిగింది. ఇవాళ ఇంతమందిమి వచ్చాం.

లేవండి.