అక్కకి గజ్జె కట్టిన పొద్దు

"అవ్వా, అక్క మారిషస్‌కి పోయే ముందర తాత అలిగినాడంట కదా, నిజమా?"

అలిగుంటే బాగుండు పాపా, సంగటి ముద్ద ఎదురుగా పెట్టి బతిమాలుకొనేదాన్ని. నువ్వు అప్పుడు బెంగళూరు హాస్టల్లో ఉంటివి కదా, నీకేం తెలుసు. ఇట్ల కూర్చో. ఆ ఫోనేంది, రికార్డు చేస్తాండావా? చేసుకో, నాకేం భయం.

మీ అక్క సుజాత రెండేండ్లు, కాదు కాదు, మూడేండ్లు మీ తాత దగ్గర చెక్కభజన నేర్చుకొనె. పగలు శాలెలో పిల్లోళ్ళకి పాఠం చెప్పేది, సాయంత్రం చెక్కలు పట్టుకొని అడుగు వేసేది. ఆడపిల్లకి చెక్కభజన ఏందని నవ్వినోళ్ళు ఉండారు. మా ఆడబిడ్డ అయితే కొన్నాళ్ళు మా గడపే తొక్కలేదు. ఆయమ్మది ఎప్పుడూ అంతే, నా పెండ్లిలో పాయసం చప్పగా ఉండిందని ఇప్పటికీ అంటాది.

అట్లుండగా, ఆ మారిషస్ దేశంలో రాములవారి గుడి పెట్టుకొన్నోళ్ళు మీ అక్కని పిలిపించిరి. ఇంటర్న్‌షిప్ అంటారంట. ఆరు నెలలు గుడిలోనే ఉండి ఆ దేశం పిల్లోళ్ళకి భజన నేర్పించాల. ఆడుండేది మనోళ్ళే లే. ఏ కాలంలోనో చెరుకు తోటల్లో కూలికి పోయి ఆడే నిలిచిపోయినారు. వాళ్ళకి తెలుగు పాట వస్తాదంట, తెలుగు మాట రాదంట.

పాస్‌పోర్టు వచ్చె, టికెట్టు వచ్చె. ఇంక గజ్జె పూజ ఒకటే మిగిలె. గురువు గజ్జె కట్టి పంపితేనే కదా నేర్చుకొనే తరబేతి ముగిసినట్టు, అది కానిదే ఇంకోరికి నేర్పించకూడదు. మీ తాత కట్టడే! "ఇంకా ఒక అడుగు కుదర్లేదు" అంటాడు. అది కుదిరితే "గొంతు చాల్లేదు" అంటాడు. పోయే దినం దగ్గరికొస్తాంది. "తాత కట్టకపోతే నేను పోను అవ్వా" అనె ఆ పిల్ల. ఏడవనూ లేదు. అదే నాకు కష్టమాయె.

మీ తాతని తిట్టుకోవద్దు నువ్వు. ఎంతమంది మగపిల్లోళ్ళకి గజ్జె కట్టినాడో! కట్టించుకొన్నోడల్లా ఆటో తోలేదానికో ఫ్యాక్టరీకో బెంగళూరు పోయె. శ్రీరామనవమికి కూడా రారు. కట్టితే పోతారని ఆయప్పకి లోపల భయం పట్టుకొనుండాది. నోరు తెరిచి చెప్తే కదా!

ఒక సాయంత్రం వాకిట్లో అడుగు వేయిస్తాండాడు. నేను అనపకాయలు ఒలుస్తాండాను. పిల్ల చక్కగా తిరిగె. "తప్పు" అనె. మళ్ళా తిరిగె. "తప్పు" అనె. నాకు ఒళ్ళు మండె. చాట పక్కన పెట్టి లేచినాను. "ఏమప్పా, దీన్ని పంపేదానికి నీకు మనసు రావడంలే. ఆ మాట చెప్పు, నిలిచిపోతాది. ఊరికే తప్పు తప్పు అని దాని విద్యని చెడగొట్టొద్దు" అనేస్తిని. ఇన్నేండ్ల కాపురంలో భజన విషయంలో నేను నోరెత్తింది లేదమ్మా. ఆయప్ప నన్ను చూసె, దాన్ని చూసె, చెక్కలు కింద పెట్టి బయటికి పోయె. ఆ పూట కూడు తినలే.

తెల్లారి చూస్తే, స్నానం చేసి రాములవారి పటం ముందర దీపం పెట్టి కూర్చోనుండాడు. చుట్టుపక్కలోళ్ళని కూడా పిలిచేసినాడు. "రామ్మా" అని దాన్ని పిలిచె. గజ్జె కాలికి చుట్టె, ముడి వెయ్యబోయె, చేతులు అదిరె. విప్పి మళ్ళా చుట్టె. ముడి పడలే. అప్పుడు నా పక్క తిరిగి, "ఏమే, నువ్వు కట్టు. దీన్ని పంపేది నాకు చేతకావడంలే" అనె. అందరి ముందరా అనె, మా ఆడబిడ్డ ముందర కూడా.

ఆ గజ్జెలు నా పెండ్లైన కొత్తల్లో చింతామణి సంతలో కొన్నాడు, పన్నెండు రూపాయలకి చీర వచ్చే కాలం అది. ఎన్నిసార్లు చింతపండేసి తోమినానో. ఒక్కరి కాలికి కట్టింది మాత్రం లేదు, ఆడోళ్ళు కట్టకూడదనే అనుకొంటిమి. కూర్చొని కట్టినాను. గట్టిగానే కట్టినాను. అది లేచి, గురువుకి ఇచ్చే తాంబూలం రెండుగా చేసి, ఒకటి ఆయప్ప చేతిలో పెట్టె, ఒకటి నా చేతిలో పెట్టె. నేను దాన్ని కొంగులో ముడేసుకొంటిని పాపా.

ఆ వారమే మీ అక్క మారిషస్‌కి పోయె. ఇప్పుడు ఆడ నేర్పిస్తాంది.

నువ్వూ చదువు ముగించుకొని యాడికి పోవాలన్నా పో తల్లీ. పోయేటప్పుడు నా దగ్గరికి వచ్చి పో. నా చేతులు అదరవులే... ఏమో, అదురుతాయేమో. అదిరినా పంపిస్తాను. చల్లగా ఉండు.